కలమును గడుగుట

మనదేశమున వ్రాతపని చేయువారు కలమును పూజింతురు గాని కడుగరు. మహర్నవమినాడు కమ్మరి తన సుత్తెకును పట్టకారునకును అంటిన మసిని తుడిచి, వడ్రంగి బాడిసెకు పదునుపెట్టి నూనె రాచి, నేతపనివాడు మగ్గమును దులిపి, అటుపిమ్మటనే పసుపుకుంకుమలు పెట్టుదురు. లేఖకుడొక్కడే ఈ నియమమునకు వెలుపలివాడు. అతడు ఏడాది పొడుగున లోపల ఎండి గడ్డకట్టిన సిరాతోడనే కలమును పీటమీద బెట్టి, దానిపై కుంకుమ చల్లి, మఱునాడు అది వ్రాయకుండుట జూచి విసుగుకొనును. కుంకుమపొడి పాళీచీలికలో దూరిన పిమ్మట సిరా ఎట్లు దిగును? సరస్వతీదేవి యనుగ్రహము మాట యటుండనిండు. గ్రుక్కెడు చల్లని నీరు పోసినచో ఆ కలము ఆనాడే వ్రాసియుండును.

ఇది పరిహాసమునకు వ్రాసిన మాట కాదు. మనలో చదువుకొన్నవారు చేతిపనిని గౌరవింపవలెనని నూఱేండ్లకు పైబడి వ్రాయుచున్నారు, ఉపన్యసించుచున్నారు. ఆ వ్రాతలన్నియు ఏ పనిముట్టుతో వ్రాయబడినవో ఆ పనిముట్టు నడచు తీరు మాత్రము వారిలో పెక్కురకు తెలియదు. పాళీ గీరినచో కలము మార్చుదురు. సిరా కాఱినచో చొక్కా మార్చుదురు. నేడు వారిలో చాలమంది మీటలమీదనే వ్రాయుచున్నారు, అది వేఱుమాట. సంతకమునకైనను కలము తీయక తప్పదు గదా. నేను చాలకాలముగా కలములను విప్పుట, కడుగుట, బిగించుట యను వ్యసనమునకు లోబడినవాడను. మా యింటివారు దీనికి ఆదివారపు తద్దినమని పేరు పెట్టిరి. ఈ పనివలన నాకు కలిగిన సంతోషమును, దానివెంట వచ్చిన కొన్ని యాలోచనలను చదువరులతో చెప్పుకొనవలెనని చాలదినములనుండి యున్నది.

ఫౌంటెను పెన్నును విప్పి చూచినచో లోపల గొప్ప యంత్రమేదియు గనబడదు. మూత, సిరా నిలుచు గొట్టము, వ్రేళ్ళతో పట్టుకొను మెడ, పాళీ, పాళీ క్రింద నంటియుండు గాళ్ళ ముక్క. ఈ కడపటిదానిని నేను నాలుక యందును. మన పెద్దలు వాడిన కలములలో స్ప్రింగులు లేవు, రబ్బరుతిత్తులు లేవు. ఫిల్లరుతో గొట్టములో సిరా చుక్కచుక్కగా పోసి మెడ బిగించుటయే. మరలయొద్ద కాఱుచున్నచో కొంచెము కొవ్వొత్తి మైనము రాయుదురు. అంతకుమించిన వైద్యము దానికి లేదు, అక్కఱయు లేదు.

సిరా తన బరువుచేత క్రిందికి కాఱుటవలననే కలము వ్రాయుచున్నదని చాలమంది తలంతురు. అదియే నిజమైనచో బోర్లించిన చెంబువలె అది క్షణములో ఖాళీ కావలెను. నిజమేమనగా, సిరా ఎంత బయటికి పోవలెనో అంత గాలి లోపలికి రావలెను. నాలుకమీద సన్నని గాళ్ళుండును. వానివెంట సిరా క్రిందికి దిగును. ఆ దారినే గాలి బుడగబుడగగా మీదికెక్కును. పాళీకొననుండి కాగితము సిరాను పీల్చినంత మేరకే ఈ యిచ్చిపుచ్చుకొనుట సాగును. పాళీని కాగితమునుండి యెత్తగానే నిలిచిపోవును. దీపపువత్తిలో నూనె ఏ శక్తిచే నెక్కుచున్నదో, పాళీచీలికలో సిరా ఆ శక్తిచేతనే నిలుచుచున్నది. 1827లో పెట్రాకె పొయినారు అను రుమేనియా యువకుడు పారిసు నగరమున సిరా నిలుపుకొను కలమునకు పేటెంటు పొందెను. ఐనను సిరాపోకకును గాలిరాకకును పొత్తు కుదురుటకు మఱి యేబదియేండ్లకు పైగా పట్టినది. 1884లో న్యూయార్కున లూయిస్ వాటర్మను పేటెంటు పొందిన నాలుకతోగాని ఫౌంటెను పెన్ను నమ్మదగిన వస్తువు కాలేదు. వెండ్రుకమందపు గాడి యొకటి సరిగా దిగుటకు అంతకాలము పట్టినదని తలచుకొన్నప్పుడెల్ల, దానిని నీళ్ళక్రింద పట్టి పాతకుంచెతో రుద్దుచున్న నాకు చిత్రమగు సంతోషము కలుగుచుండును.

బడిపిల్లలు ‘పెన్ను కక్కినది’ అందురు. ఇంతకంటె సరియైన మాట లేదు. గొట్టము నిండుగా నున్న కలము కక్కదు, అడుగంటినదే కక్కును. నిండుకుండ తొణకదను సామెతకు ఇంతకంటె చక్కని భౌతికశాస్త్రమును నేనెఱుగను. సిరా తగ్గినకొలదియు గొట్టములో గాలి పెరుగును. ఆ గాలి చేతివేడికి పొంగి సిరాను నెట్టును. ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ వేడికి గాలి తన పరిమాణములో రమారమి మూడువందలవ వంతు పెరుగును. గొట్టములో రెండు మిల్లీలీటర్ల గాలి యున్నదనుకొందము. పుష్యమాసపు ఉదయమున అది చేతిలో ఎనిమిది డిగ్రీలు వేడెక్కినచో లెక్కప్రకారము సిరాచుక్క యొకటి బయటపడవలెను. సరిగా ఆ చుక్కయే అర్జీమీద, అందులోను అధికారి పేరుమీద, పడుచుండును. మే నెల మధ్యాహ్నమున గదియే చేతికంటె వేడిగా నుండును గనుక ఆ బాధ తక్కువ. ఈ లెక్క తెలిసినది మొదలు నేను కలమును సగమునకు దిగగానే నింపుచున్నాను. చొక్కాలమీద ఖర్చు తగ్గినది.

నా కలములలో నాకు మిక్కిలి యిష్టమైనవి నల్లని ఎబొనైటు కలములు. రబ్బరులో దాదాపు మూడవవంతు గంధకము కలిపి చాలసేపు కాచినచో అది కొమ్మువలె గట్టిపడును. దానిని లేతుమీద పట్టి గొట్టములుగా చేయుదురు. లోహమువలె చల్లగా తగులదు. చాలసేపు వ్రాసినను చేయి చెమర్చి జాఱదు. వెలుతురులో పడియుండినచో నలుపు తగ్గి కాఫీరంగు తిరుగును. నాకది చూడ ముచ్చటయే. దీని నాలుకకు మఱియొక సుగుణము కలదు. పాళీకిని నాలుకకును నడుమ సందు పడినచో సిరా తెగిపోవును. అప్పుడు పాళీనాలుకల కొనను మాత్రము వేడినీటిలో ముంచి, మెత్తబడిన నాలుకను బొటనవ్రేలితో పాళీకేసి నొక్కి, చల్లనీటిలో పెట్టవలెను. నొక్కిన రూపమునే అది నిలుపుకొనును. గొట్టమును మాత్రము వేడినీటిలో దింపరాదు, రంగు మాఱును. ఈ చికిత్సకు రెండు నిమిషములు చాలును. అంతవఱకు పంక్తికి రెండుమార్లు ఎండిపోవుచుండిన కలము ఆ వెంటనే ధారతెగక వ్రాయుట జూచినచో, పాడైన పంటికాలువ మరల పాఱుట జూచిన రైతునకు కలుగునట్టి సంతృప్తి కలుగును.

పాళీని గూర్చి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. ఏలయనగా ఇది మన లిపికి సంబంధించిన విషయము. ఇంగ్లీషు వ్రాతకు తీర్చిన పాళీ తెలుగునకు సరిపడి తీరునన్న నియమము లేదు. తెలుగక్షరములో చేయి సుళ్ళు తిరుగును. తలకట్టు పెట్టునప్పుడు పాళీ క్రిందినుండి మీదికి ఎగబ్రాకవలెను. ‘ళ’ వ్రాయునప్పుడు రెండు మలుపులలో ఎడమకును కుడికిని పొర్లవలెను. పాళీకొనలోని రెండు రేకులలో ఒకటి వెండ్రుకవాసి క్రిందికి దిగియున్నను, దిగుడుగీతలో దోషము తెలియదు. ఎగుడుగీతలో కాగితమును గ్రుచ్చి నారలు పీకును. ఇట్టి పాళీని పాఱవేయనక్కఱలేదు. భూతద్దములో చూచి, దిగిన రేకును గోటితో మెల్లగా మీదికి నెట్టి, సన్నని యిత్తడిరేకును చీలికలో రెండుమార్లు నడిపి, అప్పటికిని గీరుచున్నచో మిగుల నున్ననైన ఉప్పుకాగితముమీద బరువు మోపక పది పన్నెండు ‘ళ’కారములు వ్రాయవలెను. పుస్తకములలో అంకెలు వ్రాయుమని చెప్పుదురు. నేను ‘ళ’ వ్రాయుదును. తెలుగుపాళీకి తెలుగు మలుపే మందు.

సిరా ఎక్కువగా దిగు పాళీయు తెలుగునకు పనికిరాదు. నాసికాగితముమీద సిరా ప్రాకినచో ‘థ’లోని చుక్క మునిగి ‘ధ’ యగును. ‘రథము’ కాస్త ‘రధము’ అగును. అచ్చుతప్పులని మనము ముద్రాపకులమీద త్రోయు దోషములలో కొన్ని ఇట్లు పాళీకొననే పుట్టినవని నా యనుమానము.

ఈ పనిని నేను పుస్తకములవలన నేర్చుకొనలేదు. మా పట్టణమున కోర్టువీథిలో ఒక యరుగుమీద చిన్న కొయ్యపెట్టెతో కూర్చుండు వృద్ధుడొక డుండెడివాడు. కలముల మరమ్మతు అతని వృత్తి. పెట్టెలో రెండు పట్టకార్లు, పగిలిన భూతద్దము, ఒక గాజుపలక, అగరువత్తుల డబ్బానిండ పాతపాళీలు, కిరోసినుదీపము. అంతకంటె మఱేమియు లేదు. వకీళ్ళు, గుమాస్తాలు, బడిపంతుళ్ళు అతనియొద్దకే వచ్చెడివారు. అతని వయస్సులో సగములేనివారును ‘ఏమోయ్, తొందరగా కానీ’ యనెడివారు. అతడు కలమును గైకొని మొదట వ్రాసిచూచుట లేదు. పాళీని గోటిమీద ఆనించి కన్ను మూసికొనెడివాడు. ‘బాబుగారూ, పాళీ బాగానే ఉందండి. దాని కింద నాలుక పక్కకి తొలిగింది. కొత్తది కొనకండి’ అని నాతో మొదటిసారి చెప్పిన మాట నాకింకను వినబడుచున్నట్లే యున్నది. అమ్ముకొనవలసినవాడు కొనవద్దని చెప్పుట నేనదివఱకు వినలేదు. ఆపిమ్మట నేనతనిని గారు చేర్చియే పిలిచితిని. తక్కినవారు నవ్విరి. ఆయనయు మొదట కొంచెము బిడియపడెను.

ఆ యరుగుమీద కూర్చుండగా నాకు తెలిసినదేమనగా, వీథిలో ఎవరి వ్రాత ఎట్టిదో అందఱికంటె ఆయనకే బాగుగ తెలియును. ఫలానావారు కలమును మీద నొక్కి వ్రాయుదురు, ఫలానావారు ఎడమకు వంచి వ్రాయుదురు, మఱియొకరు సంతకము తప్ప మఱేమియు వ్రాయరు అని పాళీ యరిగిన తీరునుబట్టి చెప్పెడివాడు. ఆయనకు సంతకమునకు మించిన చదువు లేదు. ఆయన పోయిన పిమ్మట ఆ పెట్టెను ఎవరును తెఱవలేదు. కుమారుడు సెల్‌ఫోనులు బాగుచేయు దుకాణమున పనిచేయుచున్నాడు. సంపాదన తండ్రికంటె మేలు. వ్రేళ్ళ నేర్పు మాత్రము తండ్రిదే. ఫోను తెఱచి అతడు లోపలికి చూచు చూపు నాకు చిరపరిచితము.

కలము, పుస్తకము, స్త్రీ, ఈ మూడును పరుల చేతికి పోయిన తిరిగి రావని చెప్పు శ్లోకమొకటి మన పెద్దలనోట వినబడుచుండును. స్త్రీని సొత్తులలో చేర్చి లెక్కించిన యా బుద్ధిని గూర్చి నేనిక్కడ చెప్పనక్కఱలేదు. వీరేశలింగముగారి కాలమునుండి చెప్పుచునే యున్నారు. ఇక కలము సంగతి. పాళీ ఒక చేతికి అలవాటుపడునని, మఱియొకరు వ్రాసినచో పాడగునని నమ్ముదురు. మంచిపాళీకొనన ప్లాటినము జాతికి చెందిన మిక్కిలి గట్టి లోహపుబిందువు నతికియుందురు. అది యరిగి ఒక చేతివాటమునకు తిరుగుటకు ఏండ్లు పట్టును. అరువు పుచ్చుకొన్నవాడు వ్రాయు రెండు పంక్తులచే దానికి వచ్చు హాని లేదు. కాని మా తాతగారి కలమును మా మేనత్తలు ముట్టరాదను కట్టడి యుండెను. కారణమడిగిన పాళీ వంగుననెడివారు. మా తండ్రిగారు, పినతండ్రిగారు దానితో కావలసినంత వ్రాసిరి, పాళీ వంగలేదు. మేనత్తలలో పెద్దామె బొగ్గుతో వంటింటిగోడమీద పాలలెక్కలు వ్రాయుట నేను చూచితిని. గుండ్రని యక్షరములు. పాళీ వంగునన్న భయము పాళీని గూర్చినది కాదని నాకు చాలకాలమునకు గాని తట్టలేదు.

సిరా మాట చెప్పక కలము మాట ముగియదు. నేడు అంగడిలో దొరకు సిరాలలో చాలభాగము నీటిలో కరిగిన రంగులే. 1856లో ఇంగ్లండున విలియం పెర్కిను అను పదునెనిమిదేండ్ల విద్యార్థి క్వినైను చేయబోయి ఊదారంగు కనుగొన్నది మొదలు, తారునుండి తీయు రంగులు సిరాబుడ్లలోనికి వచ్చినవి. ఇవి కలమునకు సాధువులు. నీటితో కడిగిన పోవును. కాగితముమీదనుండియు అంత సుఖముగానే పోవును. కిటికీయొద్ద కొంతకాలము పడియున్న యుత్తరము వెలవెలబోవుట అందఱెఱిగినదే. రెండవది పాతకాలపు ఇనుపసిరా. ఒగరుకాయల కషాయమునందు అన్నభేది కలిపి చేయుదురు. వ్రాసినప్పుడు లేతగా నుండును. గాలి సోకినకొలదియు నల్లబడి కాగితపునారలలోనే నిలిచిపోవును, నీటికి కరగదు. ఇంగ్లండులో జననవివాహముల పుస్తకములకు ఇట్టి సిరానే నియమించిరి. వ్రాయునప్పుడు కంటికి కనబడుటకై అందులో నీలిరంగు చేర్చెడివారు. నీలముగా వ్రాసి నల్లగా ఆఱును గనుక బ్లూబ్లాకు అను పేరు వచ్చినది. నేడాపేరు గల బుడ్లలో చాలవానియందు ఇనుము లేదు, పేరు మిగిలినది. ఇనుపసిరాలోని యామ్లము ఉక్కుపాళీని తినివేయును. బంగారుపాళీలు వాడుకలోనికి వచ్చుట కిదియు నొక కారణము. డాబు తరువాతి మాట.

ఇప్పుడు శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని చూడుడు. వారు నూలుగుడ్డను కరక్కాయ కషాయమునందును పాలయందును ముంచి ఆఱవేయుదురు. తుప్పుపట్టిన యినుపముక్కలను బెల్లపునీటిలో దినములతరబడి పులియబెట్టి నల్లరంగు ద్రవము తీయుదురు. ఆ ద్రవము గుడ్డను తాకినచోట కరక్కాయలోని ఒగరుతో కలిసి నల్లనగును. ఇంగ్లండు పుస్తకములలోని సిరాయు, కాళహస్తి గుడ్డమీది గీతయు ఒకే రసాయనము. అంతకంటె వింత, వారి కలము. చెక్కిన వెదురుపుల్లకు కొనకు కొంచెము పైగా ఉన్నిగాని గుడ్డపేలికగాని చుట్టి త్రాటితో బిగింతురు. ఆ చుట్ట రంగును పీల్చి నిలుపుకొనును. వ్రేళ్ళతో అదిమినకొలదియు కొనకు దించును. సిరా నిలుచు చోటొకటి, దిగు దారి యొకటి, దిగుటను అదుపుచేయు చేయి యొకటి. దీనిని ఫౌంటెను పెన్ననక మఱేమందుము? రసాయనశాస్త్రమున పట్టములు పొంది, కలంకారీ చీరలు కొని, ఈ రెంటికి సంబంధమున్నదని యెన్నడును తలపని మిత్రులు నాకు చాలమంది కలరు. కలము అను మాటయే అరబ్బీనుండి వచ్చినది. రెల్లుపుల్ల దాని యర్థము. కాళహస్తి పనివారు ఆ యర్థమునకు మనకంటె దగ్గఱగా నున్నారు.

ఇంటియందు ఇనుపసిరా చేయుట కష్టము కాదు. పాతవారి లెక్క మూడు పాళ్ళు మాచికాయ, రెండు పాళ్ళు అన్నభేది, ఒక పాలు తుమ్మబంక. మాచికాయకు బదులు కరక్కాయ వాడవచ్చును; రంగు కొంచెము గోధుమవైపు మొగ్గును. కాయను నలుగగొట్టి నీటిలో నానబెట్టి కాచి వడగట్టి, చల్లారిన పిమ్మట అన్నభేది కలుపవలెను. అంతవఱకు టీరంగున నున్న నీరు ఆ క్షణమున మబ్బుపట్టినట్లు నల్లబడును. ఆ మార్పును నేను ఎన్నిమార్లు చూచినను విసుగు పుట్టలేదు. ఈ సిరాను ముంచి వ్రాయు పాళీతోడనే వాడవలెను. ఫౌంటెను పెన్నులో బంకగాని మసిగాని చేరిన సిరా పోయరాదు, నాలుకగాళ్ళు పూడిపోవును.

స్వదేశోద్యమకాలమున ఈ చిన్నవస్తువు పెద్దప్రశ్నయై నిలిచినది. ఖద్దరు కట్టి విదేశపు కలముతో స్వరాజ్యమును గూర్చి వ్రాయుట యెట్లు? చెడ్డచేవ్రాత అసంపూర్ణమైన విద్యకు గుర్తని ఆత్మకథలో వ్రాసిన గాంధీజీకి ఈ ప్రశ్న పట్టకుండునా? రాజమహేంద్రవరమున 1932లో రత్నం పెన్ వర్క్సు వెలసినది. కోసూరి వెంకటరత్నముగారు చేసిన కలము అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘపు కుమారప్పగారి ద్వారా గాంధీజీకి చేరెను. తాను దానిని వాడితినని, అంగళ్ళలో కానవచ్చు విదేశపు కలములకు బదులుగా బాగుగనే యున్నట్లు తోచుచున్నదని ఆయన 1935 జూలై 16వ తేదీన జాబు వ్రాసెను. ఆ జాబులో నాకు నచ్చినది ప్రశంస కాదు, ‘వాడితిని’ అనుట. చూడక మెచ్చుకొను దేశభక్తి మనకెప్పుడును కొఱత లేదు. వంగదేశమున 1934లో సులేఖ సిరా పుట్టినది ఈ గాలికే. అది ఇరువదవ శతాబ్దపు చివరిభాగమున మూతపడి, మరల తెఱవబడినది. రాజమహేంద్రవరపు ఎబొనైటు కలములు నేటికిని చేతితో తయారగుచున్నవి.

లాజ్లో బీరో అను హంగేరీ పత్రికారచయిత 1938లో బాల్‌పెన్నునకు పేటెంటు పొందెను. 1945 అక్టోబరులో న్యూయార్కు అంగడిలో అట్టికలములు అమ్మకమునకు వచ్చినవి. తరువాతి కథ చదువరులకు తెలిసినదే. నేను బాల్‌పెన్నునకు శత్రువును కాను. అది చౌక, చొక్కాను పాడుచేయదు, నకలుకాగితముమీద మూడు ప్రతులు తీయును. పేదపిల్లవాని పరీక్షను అది యెన్నిమార్లు గట్టెక్కించినదో లెక్కలేదు. నా తగవు దానిని విప్పుటకు వీలులేకుండ చేసి, సిరా కాగానే పాఱవేయుమని నేర్పిన వర్తకముతోడనే. పనిముట్టు పాఱవేయదగినదైనచో, దానిని చేసినవాడును బాగుచేయువాడును మన కంటికి ఆనుట మానుదురు. కోర్టువీథి యరుగు ఖాళీయగుట కిది చాలును.

దీనికి మాఱుమొగము మఱియొకటి కలదు. వేలకువేలు పోసి కలములు కొని, పెట్టెలలో మొఖమలుపై పరుండబెట్టి, సిరా తగిలిన వెల తగ్గునని వ్రాయక దాచు రసికులు తయారైరి. వారి యిండ్లకు నేను పోయి చూచితిని. ఆ కలములు బహు సుందరములు. ఒక్కదానినైన విప్పి చూపుమని యడిగితిని గాని ఎవరును విప్పలేదు. విప్పుట తెలియదని కొందఱు, విప్పరాదని కొందఱు చెప్పిరి. మహర్నవమి కుంకుమకును ఈ మొఖమలునకును నాకు భేదము తోచలేదు. నాకు కలములు ఏడు, సిరాలు నాలుగు. ఏడును వారమున కొక్కమారైన వ్రాయును.

ఆదివారము లుదయము మా వీథి పిల్లలు కొందఱు తమ తమ కలములతో మా వసారాకు వచ్చుచుందురు. చెంబులతో నీళ్ళు, పాతగుడ్డలు, ఒక భూతద్దము. కలమును విప్పి నీటిలో ముంచగానే సిరా పొగవలె సుళ్ళుతిరిగి దిగును. నల్లసిరాలో ఎఱుపు, ఊదా వేఱుపడి కనబడును. పిల్లలు కొంతసేపు ఆ చోద్యమే చూతురు, నేనును వారిని తొందరపెట్టను. ఒకనాడు ఒక తండ్రి వచ్చి, ‘చదువుకొమ్మని పంపితే చాకిరీ నేర్పుతున్నారేమిటండీ మాస్టారూ? మావాడు ఇంజనీరు కావాలి’ అనెను. ఇంజనీరు కావలసినవాడు గొట్టములో గాలి యెందుకు పొంగునో తెలిసికొనుట మంచిదే కదాయని నేనంటిని. ఆయనకు సమాధానము నచ్చలేదు. కుమారుని పంపుట మానెను. కుమార్తెను మాత్రము మానిపింపలేదు. ఆమె చేతులు మసి యగుటవలన చెడవలసిన భవిష్యత్తేదియు ఆయన లెక్కలో లేకుండెను.

ఆ బాలికకిప్పుడు పదుమూడేండ్లు. పాళీరేకులు సరిచేయుటలో ఆమె చేయి నా చేతికంటె నిదానము. పోయిన నెలలో కరక్కాయసిరా తానే కాచినది. వ్రాసిచూచి, పలుచగా నున్నదని మొగము చిన్నబుచ్చుకొని ఇంటికి పోయెను. మఱునాడు బడికి పోవుచు తొంగిచూచి, కాగితముమీద తన పేరు నల్లగా నిలిచియుండుట గాంచి, ఆ కాగితమును మడిచి పుస్తకములో పెట్టుకొనెను. సీసా నా బల్లమీదనే యున్నది. బూజు పట్టకుండుటకై అందులో రెండు లవంగములు వేసితిమి.